వంకర బండికి తిన్నని ఫ్రేము

గ్రైండరు ఆగగానే ముంబై రోడ్డు వినపడుతుంది. ఆత్మకూరు వైపు ఎక్కిపోయే లారీలు, బుచ్చిరెడ్డిపాలెం వైపు దిగే వరికోత మిషన్లు, మధ్యలో హారన్ కొట్టుకుంటూ ఒక ఆర్టీసీ బస్సు. మళ్ళీ గ్రైండరు లేస్తుంది, రోడ్డు మాయమవుతుంది. కాస్త ఎడంగా నిలబడండి. నిప్పురవ్వలు చెప్పుల్లోకి పడతాయి.

సంగం ఊరి చివర రేకుల షెడ్డు ఇది. ముందు వేపచెట్టు, దాని కింద ఒక పాత మహీంద్రా జీపు. బండికి ముందద్దం లేదు. అద్దమే కాదు, అద్దాన్ని పట్టుకునే ఫ్రేము కూడా లేదు. బానెట్టు మీద నుంచి చూపు నేరుగా స్టీరింగుని దాటి వెనక సీట్ల దాకా పోతోంది. పీకేసిన ఫ్రేము నేలమీద పడి ఉంది. పైకి పచ్చరంగు బాగానే నిలిచింది గానీ, కింది పట్టీని వేలితో నొక్కితే రేకు లోపలికి పోతుంది. దాంట్లోంచి గోధుమరంగు పొడి రాలుతుంది.

"చూసినావా అన్నా," అంటాడు మేస్త్రీ ఆ పొడిని అరచేతిలో పోసి చూపిస్తూ. "వాన నీళ్ళు రబ్బరు కిందికి దిగినాయి. బయటికి పోయేదానికి దోవ లేదు. ఆడనే కూర్చుని తినేసినాయి."

అందరూ ఆయన్ని భాయ్ అంటారు. ఈ చుట్టుపక్కల ట్రాక్టరు ట్రక్కులు, ఇనప గేట్లు, విరిగిన నాగళ్ళు అన్నీ ఆయన చేతికే వస్తాయి. పెన్నలో బీరాపేరు కలిసేది ఈ ఊళ్ళోనే. బ్రిటిష్ కాలపు పాత ఆనకట్ట దగ్గర కట్టిన మేకపాటి గౌతమ్ రెడ్డి సంగం బ్యారేజీని 2022 సెప్టెంబరులో ప్రారంభించారు. దాని మీద రోడ్డు పడ్డాక ఏటి అవతలి బండ్లు కూడా ఈ షెడ్డు ముందు ఆగుతున్నాయట. ఈ జీపు మాత్రం అవతలిది కాదు, ఉదయగిరి నుంచి కొండదారిన దిగింది.

జీపు ఆసామి సిమెంటు దిమ్మె మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయన సందేహం న్యాయమైందే.

"రెడీమేడు ఫ్రేము తెచ్చి బిగిస్తే అయిపోయేదానికి ఇంత తంటా ఏంది భాయ్?"

"తెచ్చి పెట్టి చూసినాం గదన్నా. కుడిపక్క కూర్చునింది. ఎడంపక్క వేలు దూరేంత సందు. ఫ్రేముది తప్పు గాదు. నీ బండిది వంకర."

ఈ వంకరను మీరే చూడొచ్చు. డ్యాష్‌బోర్డు పైన అడ్డంగా పరుచుకున్న రేకు మీద భాయ్ పొడవాటి ఇనప స్కేలు నిలబెడతాడు. నడిమధ్యన స్కేలు కింద వెలుతురు కనబడుతుంది. ఎడమ కొసన మట్టంలోని బుడగ గీత దాటి పక్కకు జరిగిపోతుంది. ఎప్పుడో బండి బోల్తా కొట్టిందో, గుంతల రోడ్డు మీద ఛాసిసే మెలి తిరిగిందో, ఆసామి చెప్పడు. భాయ్ అడగడు.

ఇక్కడ ఉంది అసలు చిక్కు. బండి వంకర. అద్దం మాత్రం తిన్ననిది. ఇనుము వంగుతుంది, రబ్బరు నలుగుతుంది, అద్దం రెండూ చేయదు. వంకర రేకు మీద కూర్చుంటూ తిన్నని అద్దాన్ని పట్టుకోవలసింది మధ్యలో ఉన్న ఈ ఫ్రేము. అది ఎవరి మాట వినాలి? చేతకాని మేస్త్రీ బండి మాట వింటాడు. రేకు ఎటు వంగి ఉంటే ఫ్రేముని అటే వంచి బోల్టులు బిగిస్తాడు. ఆ రోజు అంతా బాగానే ఉంటుంది. కొన్నాళ్ళకి ఒక మూల నుంచి సన్నటి గీత బయలుదేరి అద్దం మధ్యకి పాకుతుంది. రాయి తగిలిందేమో అనుకుంటారు.

భాయ్ కొలతలు మొదలుపెట్టకముందే ఇంకో పంచాయితీ వచ్చింది. ఆసామి మేనల్లుడు ఫోను తెరిచి ఒక బొమ్మ చూపించాడు. 1932 నాటి ఫోర్డు కారు, మడ్‌గార్డులు పీకేశారు, ముందద్దం నుదుటి మీద కట్టిన పట్టీ అంత సన్నగా ఉంది. హాట్‌రాడ్ అంటారు వాటిని. కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డులు కారుచౌకగా కొని, బరువంతా పీకేసి, మురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల్లో పందేలు తోలేవాళ్ళు. గాలికి అడ్డం తగ్గాలని ముందద్దాన్ని కురచ చేసేవాళ్ళు, వెనక్కి వాల్చేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అది పెద్ద సంబరమైంది. ఆ రోడ్‌స్టర్లకు కోతి మూతిలా ముందుకు పొడుచుకొచ్చే రెండు పలకల అద్దం ఒకటి బాగా పేరు పడింది. 1930ల్లో దాన్ని గీసిన జార్జి డువాల్ పేరుతోనే ఈనాటికీ పిలుస్తారు.

"మామా, మనదీ నాలుగంగుళాలు తగ్గిద్దాం. లుక్కు అదిరిపోద్ది," అన్నాడు కుర్రాడు.

భాయ్ కాదనలేదు, ఔననలేదు. ఆసామిని సీట్లో కూర్చోమన్నాడు. హెల్పరు కుర్రాడి చేత ఒక చదరపు గొట్టం తెప్పించి, నాలుగంగుళాలు తగ్గితే పైపట్టీ ఎక్కడికి వస్తుందో సరిగ్గా ఆ ఎత్తులో అడ్డంగా పట్టించాడు.

"రోడ్డు చూడన్నా."

ఆసామి చూశాడు. గొట్టం సరిగ్గా కళ్ళ ముందుంది. రోడ్డు కనబడాలంటే మెడ వంచాలి, లేదా పైకి సాచాలి. "దుర్గంపల్లి ఘాటు దిగేటప్పుడు ఇట్టా మెడ సాస్తా పోతావా?" అన్నాడు భాయ్. గొట్టం పైకి జరుగుతూ వచ్చింది. అంగుళం తక్కువ దగ్గర బేరం తెగింది. అంతకంటే తగ్గితే మీద కప్పే గుడ్డటాపు కూడా కొత్తది కుట్టించాలని తెలిసి మేనల్లుడు కూడా మెత్తబడ్డాడు. నా మటుకు నాకు ఆ అంగుళం కూడా అనవసరమనిపించింది. ఈ బండి పందేనికి పోయేది కాదు, నిమ్మతోటకి పోయేది. అదీగాక, తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చుకుంటూ పోతే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది.

ఇప్పుడు పని చూద్దాం.

అంగుళం చదరపు గొట్టం, పదహారు గేజి, అంటే గోడ మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. పాత ఫ్రేము ఒత్తి మడిచిన రేకు. అలాంటి ఒత్తుడు అచ్చు ఈ షెడ్డులో దొరకదు కాబట్టి గొట్టం. ముందు మూలలు. చట్రం అనగానే నాలుగు ముక్కలు కోసి మూలమట్టం పెట్టి అతికించేస్తే పోలా అనిపిస్తుంది. కిటికీకైతే పోతుంది. ఇక్కడ పోదు. పదునైన మూల చుట్టూ రబ్బరు బీడింగు తిరగదు, ముడతపడి పైకి లేస్తుంది. అద్దానికి కూడా సూది మూల ఉంటే దెబ్బంతా అక్కడే పోగవుతుంది. అందుకే మూలలు గుండ్రంగా తిరగాలి.

భాయ్ సుద్దముక్కతో గొట్టం లోపలివైపు గీతలు గీస్తాడు. కటింగ్ వీలు ఆ గీతల మీద దిగుతుంది. వరసగా సన్నని చీలిక గాట్లు, బయటి గోడ మాత్రం తెగకుండా. అప్పుడు గొట్టాన్ని మోకాలికి ఆనించి మెల్లగా వంచితే గాట్లు ఒక్కొక్కటీ మూసుకుంటూ గొట్టం ఒంపు తిరుగుతుంది. ఒంపు సరిపోయిందా అని చూసేందుకు ఖాళీ ఆయిలు డబ్బా ఒకటి ఉంది. డబ్బాకి గొట్టం ఆనుకుంటే సరే, ఆనుకోకపోతే ఇంకో గాటు. డబ్బా మీద కంపెనీ పేరు చెరిగిపోయి ఏళ్ళయినట్టుంది. ఎన్ని మూలలకి కొలత అయిందో.

"టాకా వెయ్యి," అంటాడు. హెల్పరు మొహానికి అద్దం అడ్డం పెట్టుకుంటాడు. మీరు కళ్ళు తిప్పుకోండి. చిటుక్కుమని నీలం వెలుగు, గంధకం లాంటి వాసన. ఒక్కో అతుకు దగ్గర మినపగింజంత చుక్క, అంతే. పూర్తి వెల్డింగు ఇప్పుడే చేయరు. టాకా మీద ఉన్న ఫ్రేముని ఇంకా సుత్తితో సర్దుకోవచ్చు.

ఇప్పుడు టేపు వస్తుంది. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకి ఒక కొలత, పై కుడి నుంచి కింది ఎడమకి ఇంకో కొలత. రెండు ఐమూలలూ సమానమైతే ఫ్రేము పక్కలకి ఒరగలేదని అర్థం. మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ఎక్కువ ఉన్న ఐమూల కొసన చెక్కముక్క పెట్టి ఒక దెబ్బ. మళ్ళీ టేపు. మళ్ళీ చిన్న దెబ్బ. సమానం.

అయినా భాయ్ మొహంలో తృప్తి లేదు. "ఇది పొడుగూ వెడల్పూ చెప్పుద్ది. మెలి చెప్పదు," అని జేబులోంచి నైలాన్ దారం తీశాడు. ఈ పరీక్ష దగ్గర నిలబడి చూడండి, రెండు రూపాయల దారంతో ఏ మిషనూ చెప్పనంత నిజం చెబుతుంది. ఒక దారం ఒక ఐమూలన బిగించి కడతాడు. రెండోది రెండో ఐమూలన, మొదటిదాని మీదుగా. నడుమ రెండు దారాలూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టుంటే ఫ్రేము బల్లపరుపు. మధ్యన సందు ఉంటే మెలి పడినట్టు. ఒకదాన్నొకటి నొక్కి వంచుకుంటున్నా మెలి పడినట్టే, కాకపోతే రెండోవైపు.

తాకీ తాకనట్టు ఉన్నాయి.

అప్పుడు వెల్డింగు. ఇనుము కరిగి అతుక్కునేటప్పుడు కాదు, చల్లారేటప్పుడు మోసం చేస్తుంది. కరిగిన గీత ముడుచుకుంటూ చుట్టూ ఉన్న గొట్టాన్ని తనవైపు లాగుతుంది. ఒకే మూలను ఆపకుండా కాల్చుకుంటూ పోతే అప్పటిదాకా కొలిచిన కొలతలన్నీ గాలికి పోతాయి. అందుకే ఫ్రేముని మందపాటి ఇనప బల్లకి సీ క్లాంపులతో బిగించి, ఒక మూలన అంగుళం వెల్డు వేసి దాని ఎదురు మూలకి పోతాడు. అక్కడ అంగుళం. మళ్ళీ ఇటు. మధ్యలో చెయ్యి ఆనించి వేడి చూస్తాడు. తొందరపడ్డ హెల్పరుని ఒక చూపు చూస్తాడు. "రేయ్ అబ్బయా, ఆరనియ్. టీ తాగి రా పో."

లోపలి అంచుకి ఇంకా సన్నని పట్టీ అతకాలి. రబ్బరు కరుచుకునేది ఆ పట్టీనే. దాని మీద వెల్డు బుడిపె ఒక్కటి మిగిలినా అది రబ్బరు గుండా అద్దాన్ని పొడుస్తుంది. భాయ్ ఆకురాయి పట్టుకుని ఆ అంచంతా తిరిగాడు. గ్రైండరుతో చేస్తే నిమిషంలో అయిపోతుంది కదా అని అడిగాను. గ్రైండరు బుడిపెనీ తీస్తుంది, పట్టీనీ తింటుంది అన్నాడు. ఆకురాయి చప్పుడు వినాలి. బుడిపె మీద గరగర, సాఫైన చోట సుయ్యిమని జారుతుంది. కళ్ళు మూసుకుని బొటనవేలు అంచు పొడవునా లాగాడు. ఒక చోట ఆగింది. మళ్ళీ ఆకురాయి.

కింది పట్టీకి మూడు చిల్లులు, నీళ్ళు దిగేందుకు. పాత ఫ్రేముకి ఆయుష్షు లేకుండా చేసింది అవి లేకపోవడమే. గొట్టం కడుపులోకి పలచటి రెడ్ ఆక్సైడు పోసి అటూ ఇటూ దొర్లించి వంచేశారు. పైన కూడా రెడ్ ఆక్సైడు, అక్కడక్కడ లప్పం, ఆ మీద పాత పచ్చరంగు. రంగు గురించి చెప్పుకునేది పెద్దగా ఏమీ లేదు. ఎండ బాగా ఉంది, ఆరింది.

బండికి బిగించేటప్పుడు మాత్రం దగ్గరికి రండి. ఫ్రేము కింద రెండు మడతబందులున్నాయి. ఈ జీపుల ముందద్దం బానెట్టు మీదికి పడుకునేది ఆ బందుల మీదే. అది యుద్ధం నాటి అలవాటు. 1941 నుంచి అమెరికా సైన్యానికి లక్షల్లో తయారైన విల్లీస్, ఫోర్డు జీపులకి ముందద్దం బానెట్టు మీద పడుకునేది. అప్పుడు రంగు గీసుకోకుండా, అద్దం అదరకుండా బానెట్టు మీద రెండు చెక్కదిమ్మలు బిగించి ఉండేవి. 1940ల చివర్లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో ఆ విల్లీస్‌లనే బిగించడం మొదలుపెట్టారు, మడత కూడా వెంట వచ్చింది. మన ఆసామి సంచిలోంచి నున్నగా చిత్రికపట్టిన రెండు చెక్కముక్కలు తీసి బానెట్టు మీద పెట్టాడు. చెక్క చెంచాలకి భౌగోళిక గుర్తింపు ఉన్న ఊరు ఉదయగిరి, ఆ పనివాళ్ళ దగ్గరే చేయించుకొచ్చాడట. సైన్యం వాళ్ళ దిమ్మలు కూడా ఇంత అందంగా ఉండి ఉండవు.

బందుల బోల్టులు బిగిశాయి. పక్కల పట్టే క్లాంపులు బిగిశాయి. అద్దం తెమ్మంటాడేమో అనుకుంటాం. భాయ్ మళ్ళీ దారం తీశాడు.

బల్ల మీద తాకీ తాకనట్టున్న దారాలు ఇప్పుడు నడుమ రెండు మిల్లీమీటర్లు ఎడంగా ఉన్నాయి. బండి తన వంకరని ఫ్రేముకి అంటించింది. బోల్టు బిగించిన చేతికి తెలియలేదు, కంటికి కనబడలేదు. అద్దం పెట్టి ఉంటే ఈ రెండు మిల్లీమీటర్లూ అద్దం మీదే పడేవి.

ఎడమ బందు వదులు చేసి దాని కింద ఒక వాషరు దూర్చాడు. బిగించి చూస్తే సందు సగమైంది. ఇంకో పలచటి వాషరు. దారాలు తాకాయి. ఇప్పుడు ఫ్రేము తిన్నగా ఉంది, కింద వంకర రేకుకీ దానికీ మధ్య ఎడమకొసన సందు మిగిలింది. ఆ సందుని మందపాటి రబ్బరు పట్టీ మూస్తుంది. "వంకరంతా బందుల కాడ తీర్చాల. ఫ్రేము జోలికి రానీయగూడదు," అన్నాడు భాయ్. ఆయన పనితనమంతా నాకు ఈ వాషరు ముక్కల్లోనే కనిపించింది.

అద్దం కోసం నెల్లూరు పోవాలి. ఫ్రేము మీద అట్ట పరిచి, లోపలి అంచు గీసి, రబ్బరు మందం కోసం చుట్టూ 5 మిల్లీమీటర్లు తగ్గించి కోసిన నమూనా మా చేతిలో ఉంది. బస్సులో దాన్ని నిలబెట్టి పట్టుకుంటే కండక్టరు దీనిక్కూడా టికెట్టా అని నవ్వాడు. బుచ్చి దాటి, పెన్న వంతెన దాటి, అద్దాల కొట్టు.

కొట్టువాడు అడిగే మొదటి ప్రశ్న ధర గురించే ఉంటుంది. మీరు అడగాల్సింది అద్దం గురించి. టఫెన్డ్ అద్దం గట్టిదే, కానీ తయారయ్యాక దాన్ని కోయడం కుదరదు. పగిలితే ఒక్కసారిగా అద్దమంతా గింజలు గింజలై రోడ్డు కనబడకుండా పోతుంది. తలుపులకు అది సరే. ముందుకి లామినేటెడే కావాలి, కేంద్ర మోటారు వాహనాల నియమావళి 100వ నిబంధన అడిగేది కూడా అదే. రెండు పలచని అద్దాలు, వాటి మధ్య మిల్లీమీటరు కూడా లేని ప్లాస్టిక్ పొర. పగిలినా పెంకులు ఆ పొరని వదలవు. 1903లో ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయనవేత్త చేతిలోంచి జారిపడ్డ గాజుకుప్పె పగిలింది గానీ చెదరలేదట. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేట్ పూత పెంకుల్ని పట్టుకుందని గ్రహించి, 1909లో ఆయన ఈ అద్దానికి పేటెంటు తీసుకున్నాడు.

కోత చూడవలసిందే. బల్ల మీద దుప్పటి, దాని మీద అద్దం, ఆ మీద మన అట్ట. కట్టరు చక్రం కిర్రుమంటూ గీత గీస్తుంది. తిరగేసి రెండోవైపు సరిగ్గా అదే గీత. కింద నుంచి తట్టితే రెండు పలకలూ గీత వెంబడి చిట్లుతాయి, కానీ విడిపోవు. మధ్య పొర పట్టుకుని ఉంటుంది. అప్పుడు గీత మీద సన్నగా స్పిరిటు పోసి అగ్గిపుల్ల గీస్తాడు. నీలం మంట గీత పొడవునా పరుగెత్తి ఆరిపోతుంది. వేడికి పొర మెత్తబడుతుంది, అంచుల్ని రవ్వంత ఎడం చేసి బ్లేడు దించుతాడు. గుండ్రటి మూలలకి ఎక్కువసేపు పట్టింది. చివర అంచులు నీళ్ళు పోస్తూ అరగదీశాడు. ఇదంతా చదును అద్దం కాబట్టి ఒక బల్ల మీద కుదిరింది. ఈ కాలపు కార్ల ఒంపు అద్దాలకి అచ్చులు, కొలుములు కావాలి. పాత జీపులు ఇంకా బతికి ఉండటానికి ఈ చదును అద్దం కూడా ఒక కారణం.

మేనల్లుడు నల్ల ఫిల్ము వేద్దామన్నాడు. కొట్టువాడే వద్దన్నాడు. ముందద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలి, ఇక ఫిల్ములనైతే 2012లోనే సుప్రీంకోర్టు పూర్తిగా వద్దంది.

సంగంలో, సాయంత్రం. అద్దం చుట్టూ రబ్బరు తొడిగారు. రబ్బరు బయటి గాడిలో పురికొస చుట్టూ దూర్చి, రెండు కొసలూ కింద మధ్యన కలిపి లోపలివైపు వదిలారు. సబ్బునీళ్ళు. హెల్పరు, మేనల్లుడు బయట నుంచి అరచేతులతో అద్దాన్ని ఫ్రేముకి అదిమి పట్టారు. భాయ్ సీట్లో కూర్చుని పురికొస ఒక కొస పట్టుకుని మెల్లగా లాగుతున్నాడు. కొస వస్తున్నకొద్దీ రబ్బరు పెదవి లేచి లోహపు పట్టీ మీదికి ఎక్కి కూర్చుంటోంది. గుండ్రటి మూల దగ్గర కాస్త ఆగింది. బయట నుంచి ఒక అరచేతి దెబ్బ. ఎక్కింది. పై పట్టీ, రెండో మూల, దిగుడు. కొస మొత్తం చేతిలోకి వచ్చేసింది. తర్వాత గాడిలోకి లాకింగు పట్టీ దూర్చారు.

ఆసామి చుట్టూ తిరిగి చూసి, "ఎడంపక్క కింద రబ్బరు లావుగా కనపడతాంది భాయ్," అన్నాడు.

"కనపడనీ అన్నా. నీ బండి వంకర ఆడ ఉండాది."

ఇలాంటి ఫ్రేము చేయించుకునే పని మీకు పడితే, దారం పరీక్ష బండి మీద బోల్టులు బిగించాక కూడా చేయమని అడగండి. చేయనంటే ఇంకో షెడ్డు చూసుకోండి. అద్దం కొట్లో, లామినేటెడ్ అన్న ముద్ర, ఐఎస్ఐ గుర్తు ఉన్న మూలని కోతలో పారేయకుండా మీ ముక్కలోనే ఉంచమని చెప్పండి. ఆ ముద్ర లేని అద్దాన్ని ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి.